ఓర్పుకు ముందు నేర్పు

ఇంటి పెద్దాయనకు పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి స్ట్రెచర్ మీద ఇంటికి తెచ్చిన వారంలో చుట్టాలు వరసగా వస్తారు. హార్లిక్స్ సీసా, డజను అరటిపళ్లు స్టూలు మీద పెట్టి, మంచం కాళ్లవైపు కుర్చీ లాక్కుని కూర్చుని ఆ ఇంటి కోడలితో ఒక మాట అంటారు. "ఏం చేస్తామమ్మా, దేవుడు పరీక్ష పెడుతున్నాడు. ఓర్చుకోవాలి. కష్టాలే మనిషిని పైకి తెస్తాయి." ఆమె తలూపుతుంది. ఆమెకు సరైన నిద్ర పట్టి అప్పటికి వారం దాటింది. కాఫీ పెట్టడానికి లేస్తుంది.

ఆ మాట ప్రేమతోనే అంటారు. కానీ అది నిజం కాదని నా నమ్మకం. కష్టం దానంతటది ఎవరినీ పైకి తేదు. ఇలాంటి కష్టమే వచ్చిన ఇళ్లలో మనసు విశాలమైన మనుషులున్నారు, మనసు మొద్దుబారిపోయిన మనుషులూ ఉన్నారు. అన్నదమ్ములు దగ్గరైన ఇళ్లున్నాయి, మాటలు లేకుండా పోయిన ఇళ్లున్నాయి. కష్టమే కారణమైతే అందరికీ ఒకే ఫలితం రావాలి కదా.

మన భాషలో ఓర్పు, నేర్పు అని జంటగా అంటాం. ఓర్పును పుట్టుకతో వచ్చే గుణంగా, నేర్పును చేతిపనికి సంబంధించిన విషయంగా లెక్కేస్తాం. అందుకే ఓర్పు లేనివాళ్లను తప్పుపడతాం, నేర్పు లేనివాళ్లను మన్నిస్తాం. నేను చెప్పదలచింది దీనికి తిరగబడిన మాట. పని చేతికి వచ్చాకే ఓర్పు వస్తుంది. చేతకాని పనిని రోజుకు పదిసార్లు చేయాల్సి వచ్చిన మనిషికి ఓర్పు ఎంత నూరిపోసినా నిలవదు. ఈ సంగతిని గాల్లో తేల్చకుండా ఒకే గదిలో పెట్టి చూద్దాం, పక్షవాతం వచ్చిన మనిషి పడుకున్న గదిలో. వరదకు, ప్రమాదానికి జనం కదిలివస్తారు, పదిరోజుల్లో వెళ్లిపోతారు. ఈ గది మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

అమెరికాలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1996లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. పెద్ద దెబ్బ తిన్నాక మనిషిలో మంచి మార్పు ఏదైనా వచ్చిందా అని కొలిచే 21 ప్రశ్నలు. తోటివారితో దగ్గరితనం, కొత్త దారులు, తనలోని బలం, జీవితం విలువ తెలియడం, ఆధ్యాత్మికమైన మార్పు అని ఐదు వైపుల నుంచి అడుగుతారు. వాళ్లు గట్టిగా చెప్పిన సంగతి ఏమిటంటే, ఆ మార్పు దెబ్బ వల్ల వచ్చేది కాదు, దెబ్బ తర్వాత మనిషి పడే పెనుగులాటలోంచి వచ్చేది. మార్పు వచ్చినంత మాత్రాన బాధ పోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. మరి ఆ పెనుగులాట ఎలా ఉండాలి? దానికి జవాబు మంచం పక్కన వెతకాలి.

ముందు జబ్బు సంగతి కాస్త. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా ఆ భాగం దెబ్బతింటుంది. ఎడమ సగం దెబ్బతింటే కుడి కాలూ చెయ్యీ పడిపోతాయి, చాలామందికి మాట కూడా పోతుంది. కుడి సగం దెబ్బతింటే ఎడమ పక్క పడిపోతుంది. మాట ఉంటుంది గానీ, కొందరికి ఎడమవైపు లోకమే లేనట్టు అయిపోతుంది. కంచంలో కుడి సగం అన్నం తిని, ఎడమ సగం అలాగే వదిలేసి ఇంకా ఆకలి అంటారు. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో ఎక్కువగా, ఆరు నెలల దాకా కొంత, ఆ తర్వాత నెమ్మదిగా జరుగుతుంది. ఇంట్లో అందరూ ఎక్కువ గాభరాగా, ఏమీ తెలియకుండా ఉండేది కూడా సరిగ్గా ఆ మూడు నెలలే.

ఇక అసలు పని. మనిషిని పక్కకు తిప్పడం.

కదలలేని మనిషి ఒకే భంగిమలో పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. అక్కడికి రక్తం అందక కండ చచ్చిపోతుంది. అదే వీపు పుండు. నడుం కింద పిరుదుల మధ్య ఎముక, తుంటి, మడమ, చీలమండ, ఈ నాలుగు చోట్లా ముందుగా వస్తుంది. కాబట్టి రెండు గంటలకోసారి వెల్లకిలా, ఒక పక్కకు, మళ్లీ రెండో పక్కకు మారుస్తూ ఉండాలి. రోజుకు 12 సార్లు, నెలకు 360 సార్లు.

కుడి పక్క పడిపోయిన మామగారిని ఎడమవైపుకు తిప్పాలనుకుందాం. ముందు చెప్పాలి. "మామయ్యా, ఎడమవైపు తిప్పుతున్నాను, మీ ఎడం చేత్తో మంచం పట్టె పట్టుకోండి." చెప్పకుండా చెయ్యి వేస్తే ఉలిక్కిపడి ఒళ్లు బిగిస్తారు, బరువు రెట్టింపవుతుంది. తర్వాత ఆయన్ని మంచం కుడి అంచు దగ్గరకు జరపాలి, లేకపోతే తిప్పాక ఎడమ అంచు మీదకొచ్చి పడిపోయే ప్రమాదం. జరపడానికి ఒంటి కింద భుజాల నుంచి తొడల దాకా అడ్డంగా పరిచిన పాత దుప్పటి ఉండాలి. దాన్ని చెరో పక్క ఇద్దరు పట్టుకుని కాస్త పైకెత్తి జరపాలి. ఒంటిని ఈడ్చితే చర్మం పై పొర ఒకవైపు, లోపలి కండ ఒకవైపు లాగి చర్మం లేచిపోతుంది. చాలా పుండ్లు ఇలా ఈడ్చడంతోనే మొదలవుతాయి. పడిపోయిన కుడి చేతిని ఛాతీ మీదకు తెచ్చి, కుడి మోకాలు మడిచి పాదం పరుపు మీద ఆనించాలి. ముఖం ఎడమవైపు తిప్పమనాలి. ఒక అరచెయ్యి కుడి భుజం వెనక రెక్క ఎముక మీద, ఇంకో అరచెయ్యి తుంటి వెనక వేసి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి దొర్లించాలి. చెయ్యి పట్టి లాగకూడదు. పడిపోయిన పక్క భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి, లాగితే కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి వేధించి, వ్యాయామం చేయనివ్వదు. చంకల్లో చేతులు వేసి లేపడమూ ఇందుకే తప్పు.

దొర్లించాక పూర్తిగా పక్కకు పడుకోబెట్టకూడదు, బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలితే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు. పడిపోయిన చేతికి ముందువైపు ఒక దిండు, మోచెయ్యి చాచి, అరచెయ్యి తెరిచి. పిక్క కింద మడత దుప్పటి పెడితే మడమ గాల్లో ఉంటుంది. గ్లవ్‌లో నీళ్లు నింపి మడమ కింద పెడుతుంటారు, దానితో లాభం లేదు. గాలి ఊదిన రబ్బరు చక్రం పిరుదుల కింద పెట్టడం ఇంకా చేటు, చుట్టూ నొక్కి మధ్యలోకి రక్తం రానివ్వదు. చివరగా చెవి మడత పడిందా, దుప్పటి ముడతలు పడ్డాయా, యూరిన్ ట్యూబు తొడ కింద నలుగుతోందా అని ఒక చూపు. ఒత్తిడి పడ్డ చోట వేలితో నొక్కి వదలాలి. ఎరుపు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదు. నొక్కినా ఎరుపు మారకపోతే పుండుకు అది మొదటి మెట్టు. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు కనపడదు, చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది. అక్కడ మర్దన చేయకూడదు, పౌడరు దట్టించకూడదు. ఆ చోటు మీద బరువు పడకుండా చూడటమే మందు. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేస్తే పుండు పడుతుంది. మంచి పరుపు ఉండి, చర్మం బాగుంటే రాత్రిపూట ఆ రెండు గంటలను మూడు, నాలుగు చేసుకోవచ్చు, ఉదయం చర్మం చూసి నిర్ణయించుకోవాలి.

ఇంత వివరం ఎందుకంటే, ఇక్కడే ఓర్పు ప్రశ్న తేలుతుంది. ఓపిక అనే మాటకు మనకు రెండర్థాలు. "లేచే ఓపిక లేదు" అన్నప్పుడు ఒంట్లో సత్తువ, "కాస్త ఓపిక పట్టు" అన్నప్పుడు మనసులో సహనం. రెంటికీ ఒకే మాట పెట్టిన మన పెద్దవాళ్లకు అనుభవం ఉండే ఉంటుంది. నేలకు దగ్గరగా ఉన్న మంచం మీద రోజుకు పన్నెండుసార్లు వంగితే నాలుగో రోజుకు నడుం పట్టేస్తుంది. నడుం పట్టేసిన మనిషి నోటి నుంచి ఐదో రోజు విసురు మాట వస్తుంది. ఆ మాటకు రాత్రంతా తనను తాను తిట్టుకుంటుంది, నాలో జాలి లేదా, నేను చెడ్డదాన్నా అని. ఆమె చెడ్డది కాదు. మంచం పొట్టిది. మంచం కోళ్ల కింద గుంట తీసిన గట్టి చెక్క దిమ్మలు పెట్టి దాన్ని నడుం ఎత్తుకు లేపి, పక్కన పడిపోకుండా అడ్డం పెడితే సగం విసుగు పోతుంది. ఆయన కూర్చుని, నిలబడే దశకు వచ్చాక దిమ్మలు తీసేయాలి, అప్పుడు పాదాలు నేలకు ఆనాలి. మనసు సంగతి మాట్లాడే ముందు మంచం ఎత్తు చూడమనడం కొందరికి చిన్నమాటగా అనిపించవచ్చు. నాకు ఇదే పెద్దమాట.

పని చేతికొచ్చాక ఒక మార్పు మెల్లగా వస్తుంది. మొదట్లో బరువుగా తోచిన ఒంట్లో మనిషి కనపడతారు. ఎడమ చెయ్యి పట్టె పట్టుకుని సాయం చేస్తోందని తెలుస్తుంది. డైపర్ మార్చేటప్పుడు రెండు మోకాళ్లూ మడిచి, పడిపోయిన కాలిని మనం పట్టుకుని, "నడుం ఎత్తండి" అంటే అంగుళం ఎత్తుతారు. అదే వ్యాయామం కూడా, తర్వాత లేచి నిలబడటానికి ఆ కండరాలే కావాలి. ఆయన చేయగలిగింది ఆయన్నే చేయనివ్వడం సేవలో అన్నిటికన్నా కష్టమైన భాగం. మనం చేస్తే రెండు నిమిషాలు, ఆయన చేస్తే పది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలు ఆగగలగడం సాధన.

భోజనం ఇంకో సాధన. పక్షవాతంలో గొంతు కండరాలు కూడా బలహీనపడతాయి. ఆస్పత్రిలో మింగే శక్తి పరీక్షించి, నోటితో ఇవ్వొచ్చని చెప్పాకే ఇవ్వాలి. ముక్కులోంచి గొట్టం వేసి పంపినవారికి తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ఒక్కోసారి 200 నుంచి 250 మిల్లీలీటర్లు నెమ్మదిగా పోసి, చివర్లో గొట్టం నీళ్లతో కడగాలి. నోటితో తినేవారికి అన్నిటికన్నా ప్రమాదం అన్నం కాదు, నీళ్లు, టీ. పల్చటివి గొంతు సిద్ధమయ్యేలోపే జారిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. జావలాగా, గట్టి పెరుగులాగా చిక్కగా ఉంటే గొంతుకు తీరిక దొరుకుతుంది.

నిటారుగా కూర్చోబెట్టాలి, వీలైతే కుర్చీలో. గడ్డం కాస్త కిందికి. చిన్న చెంచాలో సగం. బాగున్న పక్క దవడలోకి పెట్టాలి. గొంతు మీది ముడి పైకి లేచి కిందికి దిగేదాకా చూడాలి, అప్పుడే గుటక పడినట్టు. పడిపోయిన పక్క బుగ్గలో ముద్ద దాక్కుంటుంది, ఆయనకు తెలియదు, వేలికి గుడ్డ చుట్టుకుని చూడాలి. పొలమారినా, తిన్నాక గొంతు నీళ్లు నిండినట్టు గరగరమన్నా ఆపేయాలి. కొందరికి పొలమారకుండానే లోపలికి పోతుంది, నాలుగు రోజుల తర్వాత జ్వరం, ఆయాసం వస్తే అప్పుడు తెలుస్తుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. నోరు శుభ్రం చేయాలి, నోట్లోని క్రిములే లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి.

ఒక పూట భోజనానికి 40 నిమిషాలు. మూడు పూటలా కలిపి రెండు గంటలు. ఆ రెండు గంటలు టీవీ ఉండకూడదు, ఫోను ఉండకూడదు, కళ్లు ఒక మనిషి గొంతు మీద ఉండాలి. చూపు చెదిరితే ముద్ద తప్పుతుంది. ధ్యానం నేర్చుకోవడానికి డబ్బు కట్టి శిబిరాలకు వెళ్తున్న కాలంలో, ఈ రెండు గంటల ఏకాగ్రతకు ఆ పేరు ఎవరూ పెట్టరు. పూజ మానేశానని బాధపడే ఇల్లాళ్లు చాలామంది. పొద్దున్నే తలస్నానం చేసి, మడి కట్టుకుని, గంటసేపు స్తోత్రాలు చదివిన మనిషికి ఇప్పుడు దీపం పెట్టి దణ్ణం పెట్టుకునే తీరిక కూడా ఉండటం లేదు. ఆ బాధను కొట్టిపారేయను, అలవాటైన ఆసరా పోయింది కదా. కానీ ఒక్కటి అడుగుతాను. స్తోత్రం చదువుతూ ఎన్నిసార్లు మనసు వంటింట్లోకి వెళ్లలేదు? ఈ నలభై నిమిషాల్లో ఒక్కసారైనా వెళ్లిందా?

పూజ ఆ గదిలోకే రావచ్చు కూడా. ఎడమవైపు లోకం మరిచిపోయిన మనిషికి చికిత్సలో భాగంగా ఎడమవైపు చూసేలా చేయాలి. ఆయన ఇష్టదైవం పటాన్ని మొదట ఎదురుగోడకు పెట్టి, కొన్నాళ్లకు కాస్త ఎడమకు, మళ్లీ ఇంకాస్త ఎడమకు జరపాలి. దర్శనం కావాలంటే తల తిప్పాలి. పిలిచే గంట, నీళ్లు, ఫోను మాత్రం కుడివైపే ఉండాలి, అవసరానికి అందాలి కదా.

మాట పడిపోయినవారి సంగతి ఇంకా ఆశ్చర్యం. "నీళ్లు" అనలేని మనిషి, ఎవరైనా "శుక్లాంబరధరం" అని మొదలుపెడితే "విష్ణుం" అని అందుకుంటారు. చిన్నప్పుడు వల్లెవేసినవి, ఒకట్లు రెండ్లు, పాటలు, అలవాటైన తిట్లు, ఇవన్నీ అప్పటికప్పుడు ఆలోచించి చెప్పే మాటల దారిలో రావు, అందుకని చాలామందికి మిగిలి ఉంటాయి. రాగంతో పలికించి మాట తెప్పించే చికిత్స పద్ధతి కూడా ఉంది. తిట్టు ఒక్కటే స్పష్టంగా వచ్చే మనిషి కోడల్ని తిడుతున్నాడని అనుకుంటే ఆ ఇల్లు నరకం. నోటికి అదొక్కటే అందుతోందని తెలిస్తే, ఆమె ఆ తిట్టులో "నీళ్లు" వింటుంది. క్షమ అనే పెద్ద మాట ఇక్కడ ఇలా పనికొస్తుంది. తెలుసుకున్నాక క్షమించాల్సిందే మిగలదు. మాట్లాడేటప్పుడు టీవీ ఆపి, ఒకసారి ఒకే ప్రశ్న, అవును కాదు అని తలూపితే సరిపోయేది అడిగి, పది సెకన్లు ఆగాలి. అరిచి చెప్పక్కర్లేదు, చెవులు బాగానే ఉన్నాయి. అలాగే ఉన్నట్టుండి వచ్చే ఏడుపు, సందర్భం లేని నవ్వు. మెదడు దెబ్బవల్ల వచ్చే ఈ లక్షణానికి మందులున్నాయి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి దిగులు జబ్బు కూడా వస్తుంది. వ్యాయామం చేయనని మొండికేసే మనిషిని బద్ధకస్తుడని తిట్టేముందు ఆ సంగతి డాక్టరుతో చెప్పాలి.

వినపడుతుందన్న సంగతి చుట్టాలు మరిచిపోయేది ఇక్కడే. "పూర్వజన్మలో ఏ పాపం చేశాడో" అని ఆయన మంచం పక్కనే అంటారు. పాపం కాదు. చాలామందిలో అది ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ, షుగరు, పొగతాగే అలవాటు, లయ తప్పిన గుండె. కారణం తెలిస్తే చేయాల్సిన పని తెలుస్తుంది, ఇంట్లో మిగతా పెద్దవాళ్ల బీపీ ఈ వారమే చూపించడం. పాపం అంటే ఏం చేస్తాం, తల దించుకుంటాం.

అపరాధభావం ఇంకో రూపంలోనూ వస్తుంది. మూతి వంకరపోయి, చెయ్యి వాలిపోయి, మాట ముద్దగా వచ్చిన రాత్రి గ్యాసనుకుని నిమ్మరసం ఇచ్చి తెల్లారనిచ్చిన ఇళ్లు ఎన్నో. గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ గంటలు పోయాయి, తిరిగిరావు. ఆ బాధతో ఏం చేయాలి? వీధిలో పదిమందికి ఆ మూడు గుర్తులు, ఆ నాలుగున్నర గంటలు చెప్పడం ఒక్కటే నాకు తెలిసిన దారి.

అదే బాధ చాలామందిని పసరు మందు వైపు తోస్తుంది. కొడుకు ఏదో ఒకటి చేయాలి కదా, ఊరికే ఉండలేడు. దూరపు ఊరికి కారులో తీసుకెళ్తాడు. ఆశ తప్పు కాదు. పథ్యం పేరుతో బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర మానిపించడం తప్పు. రెండో దెబ్బ అక్కడినుంచే వస్తుంది. మూడు నెలల విలువైన కాలం ప్రయాణాల్లో పోతుంది. నమ్మకానికీ భయానికీ తేడా తెలుసుకోవడం కూడా ఆధ్యాత్మికమే. డబ్బుకు కాస్త వెసులుబాటు ఇచ్చే దారి ఇంకొకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన అర్హులకు 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో 4,016కు పెరిగింది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవాలి, దానికి మనిషిని తీసుకెళ్లే ఓపిక ఇంట్లో మగవాళ్లు చూపించాలి.

మగవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన ఇళ్లలో ఈ గది పని భార్యదో, కోడలిదో, పుట్టింటికొచ్చిన కూతురిదో. ఆమెను "దేవతమ్మా" అంటారు. ఆ పొగడ్త ఆమెను అక్కడే కట్టిపడేసే తాడు. కష్టం మనిషిని ఎదిగిస్తుందని నిజంగా నమ్మితే, ఆ ఎదుగుదల కొడుక్కి వద్దా? రాత్రిని రెండు ముక్కలు చేయాలి. పది నుంచి రెండు ఒకరు, రెండు నుంచి ఆరు ఇంకొకరు. తండ్రి ఒళ్లు తుడవడానికి సిగ్గుపడే కొడుకు నాలుగుసార్లు తుడిస్తే సిగ్గు పోతుంది, అంతకుముందు తండ్రితో లేని చనువు కూడా వస్తుంది. డాలస్‌లో ఉన్నవాడికీ పనుంది. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఇక్కడ పొద్దున్న. ఫిజియో వ్యాయామం వేళ వీడియోలోకి వచ్చి, "నాన్నా, ఇంకో రెండు" అని లెక్కపెట్టాలి. భోజనం వేళ మాత్రం కాల్ చేయకూడదు, మాట్లాడుతూ మింగితే పొలమారుతుంది. ఏటా వచ్చే మూడు వారాల సెలవులో పది రాత్రులు ఆ గదిలో పడుకుని రెండు గంటలకోసారి లేస్తే, ఫోనులో సలహాలివ్వడం దానంతటదే తగ్గుతుంది.

ఇక ఎవరూ బయటికి చెప్పని మాట. ఎనిమిదో నెలలోనో, రెండో ఏడులోనో, తెల్లవారుజామున తడిసిన దుప్పటి మారుస్తూ, "దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు" అని మనసులో పడుతుంది. పడిన మరుక్షణం వణుకు. ఆ మాట వచ్చిందంటే ప్రేమ పోయిందని కాదు. ఒంట్లో ఓపిక అయిపోయిందని. మన భక్తి సంప్రదాయంలో ఈ మాటకు చోటుంది. కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో దెబ్బలు తింటూ రాముడికి చేయించిన నగల లెక్కంతా ఒక్కొక్కటీ ఏకరువు పెట్టి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. అదే కీర్తన చివర, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, నొచ్చుకోవద్దని వేడుకున్నాడు. తిట్టు తీసేసి వేడుకోలు మాత్రమే పాడుకోలేదు మనవాళ్లు, మూడు వందల ఏళ్లుగా రెండూ కలిపే పాడుతున్నారు. దేవుడితో పోట్లాడటం కూడా దేవుడితో మాట్లాడటమే.

ఎదుగుతున్న మనిషికీ ఇంకిపోతున్న మనిషికీ తేడా గుర్తుపట్టాలి. ఏడుపు వస్తుంటే భయం లేదు. ఏడుపూ కోపమూ ఏదీ రాకుండా రాయిలా పనులు చేసుకుపోతుంటే, తన బీపీ మాత్రలు తనే మరిచిపోతుంటే, చెయ్యి కాస్త మొరటుగా పడుతుంటే, ఆ రోజు ఆమెకు కావాల్సింది ప్రవచనం కాదు, రెండు పూర్తి రాత్రుల నిద్ర. చనిపోవాలన్న ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయాలి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కొందరు ఇదంతా దాటాక కూడా ఏ కొత్త వెలుగూ చూడరు, అలసిపోతారు, అంతే. వాళ్లను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు.

ఆ గది ఎప్పటికో ఖాళీ అవుతుంది. ఆయన కర్ర పట్టుకుని వసారాలోకి నడిచినా సరే, కాలం చేసినా సరే. తర్వాత ఎప్పుడో నాలుగిళ్ల అవతల ఎవరికో ఒక పక్క పడిపోయిందని కబురు వస్తుంది. చుట్టాలు అరటిపళ్లతో వెళ్తారు. ఈమె రెండు పాత దుప్పట్లు, నాలుగు దిండ్లు సంచిలో పెట్టుకుని వెళ్తుంది. కుర్చీలో కూర్చోదు. చేతులు కడుక్కుని మంచం దగ్గరకెళ్లి, పడుకున్న మనిషి కళ్లలోకి చూసి తన పేరు చెప్పి, ఆ ఇంటి కోడలివైపు తిరుగుతుంది. "ఆఖరిసారి ఎప్పుడు తిప్పావమ్మా? ఇలా రా, ఆ పక్క దుప్పటి అంచు పట్టుకో."